జనాభా పటం చదవడం – 3వ పాఠం: సగటును విడగొట్టాకే కారణం

జనసాంద్రత లెక్క కట్టడం గత పాఠంలో చూశాం. జనాభాను విస్తీర్ణంతో భాగించడమే. 2011 జనగణన ప్రకారం బీహార్‌లో చదరపు కిలోమీటరుకు 1,106 మంది, రాజస్థాన్‌లో 200 మంది, అరుణాచల్ ప్రదేశ్‌లో 17 మంది. 2021లో జరగాల్సిన జనగణన వాయిదా పడింది కాబట్టి ఈ పాఠాలన్నిటికీ 2011 లెక్కలే తీసుకుంటున్నాం.

ఈ అంకెలు చూడగానే "ఎందుకింత తేడా?" అని అడగాలనిపిస్తుంది. కాస్త ఆగండి. ముందు సగటును విడగొట్టాలి.

పాత తూర్పు గోదావరి జిల్లానే తీసుకుందాం. 10,807 చదరపు కిలోమీటర్లు, 51.5 లక్షల జనం, సాంద్రత 477. కోనసీమలో కాలువ గట్టు వెంట వెళ్తే ఒక ఊరు ఎక్కడ అయిపోయిందో, ఇంకో ఊరు ఎక్కడ మొదలైందో బోర్డు చూస్తే గానీ తెలియదు. కొబ్బరితోట, ఇల్లు, వరిచేను, మళ్లీ ఇల్లు. అదే జిల్లాలో మారేడుమిల్లి ఘాట్ రోడ్డు ఎక్కితే మలుపు తర్వాత మలుపు అంతా అడవే, ఎక్కడో ఒక చిన్న గూడెం. ఈ రెండిటినీ కలిపేసి 477 అంటే ఎవరి సంగతీ చెప్పినట్టు కాదు. 2022లో కొత్త జిల్లాలు ఏర్పడినప్పటి హద్దులతో చూస్తే కోనసీమకు సుమారు 825, మారేడుమిల్లితో పాటు విశాఖ మన్యం కూడా కలిసిన అల్లూరి సీతారామరాజు జిల్లాకు సుమారు 78. అసలు ప్రశ్న ఇప్పుడు కనిపించింది.

ఇక కారణం. ఏ కారణం తోచినా, అదే కారణం ఉండి కూడా ఫలితం వేరుగా ఉన్న చోటు ఒకటి వెతకండి. ఈ పాఠంలో నేర్చుకోవాల్సింది ఇదే.

"వాన పడే చోట జనం ఉంటారు" అనుకున్నారా? జైసల్మేర్ జిల్లాకు సరిపోతుంది; అక్కడ ఎడారి, సాంద్రత 17. కానీ మన్యంలో వానలకు కొదవ లేదు, జనం మాత్రం పలచన. అంటే వాన ఒక్కటే చాలదు, ఆ నీరు నిలిచే చదును నేల కావాలి. కొండవాలులో కాలువ తవ్వడం కష్టం. పోడు అంటే అడవి కొట్టి కొన్నేళ్లు పండించి మరో చోటికి మారే సాగు, అది చేసుకునే కుటుంబానికి నేల ఎక్కువ కావాలి. మన్యపు జ్వరానికి, అంటే మలేరియాకు, భయపడి మైదానాల వాళ్లు ఒకప్పుడు అటు వెళ్లేవాళ్లు కాదు. 1970 నుంచి 1/70 చట్టం గిరిజనుల భూమి బయటివాళ్ల చేతికి పోకుండా అడ్డుకుంటోంది. ఇది నాకు చాలా ముఖ్యమైన కారణం. జనం పలచగా ఉన్నంత మాత్రాన ఆ నేల ఎవరిదీ కాకుండా పోదు. అది అక్కడివాళ్ల బతుకుతెరువు, దాన్ని ఖాళీ జాగా అనడం అన్యాయం.

"చదును నేల, పక్కనే నది ఉంటే చాలు" అంటారా? గోదావరి డెల్టాకు ఆ రెండూ ఎప్పుడూ ఉన్నాయి. అయినా 19వ శతాబ్దం మొదటి సగంలో అక్కడ కరువులకు జనం చచ్చిపోయారు. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట, దాని కాలువలు వచ్చాకే ఆ నీరు నమ్మకంగా పొలానికి చేరింది.

బీహార్ మైదానంలో గంగ ఒండ్రు, పైపైనే దొరికే భూగర్భ జలం తరతరాలుగా జనాన్ని పోషించాయి. పనులు మాత్రం ఆ స్థాయిలో పెరగలేదు, అందుకే అక్కడి యువకులు ఢిల్లీకి, పంజాబ్‌కు, మన హైదరాబాద్‌కు రైలెక్కుతున్నారు. సాంద్రత ఎక్కువుంటే బతుకు బాగుందని అనుకోకండి.

అభ్యాసం: మీ జిల్లా సెన్సస్ హ్యాండ్‌బుక్ తీసి, మీ మండలంలో జనం బాగా ఒత్తుగా ఉన్న ఊరు ఒకటి, పలచగా ఉన్న ఊరు ఒకటి ఎంచుకోండి. విస్తీర్ణం హెక్టార్లలో ఉంటుంది; 100 హెక్టార్లు ఒక చదరపు కిలోమీటరు. సాగునీరు అందే భూమి, అడవి ఎంతెంతో అక్కడే ఉంటాయి. తేడాకు ఒక కారణం రాసి, దానికి అడ్డం తిరిగే ఊరు ఒకటి వెతకండి.

వచ్చే పాఠంలో పాత హైదరాబాద్ జిల్లా: 217 చదరపు కిలోమీటర్లలో 39 లక్షల మంది. అక్కడ ఇంతమందిని పోషిస్తున్నది పొలమూ కాదు, కాలువా కాదు. మరేమిటో ఈలోగా మీరే ఆలోచించి రాసిపెట్టుకోండి.