ప్రూసిక్ ముడి జారుతోందా, బిగుసుకుపోతోందా? కారణాలు, పరిష్కారాలు

తాడు మీద పైకెక్కేవాళ్లు ముందుగా నేర్చుకునే ముడి ప్రూసిక్. ఆస్ట్రియా పర్వతారోహకుడు కార్ల్ ప్రూసిక్ 1931లో దీన్ని వెలుగులోకి తెచ్చారు. సన్న తాడుతో చేసిన లూప్‌ను పెద్ద తాడు చుట్టూ తిప్పి కడతాం. బరువు పడితే పట్టుకుంటుంది, బరువు తీస్తే జరుగుతుంది. ఎక్కడానికి ఇలాంటి లూప్‌లు రెండు కావాలి: ఒకటి నడుముకు, ఒకటి కాలికి. అంతా రాపిడి మీదే నడుస్తుంది కాబట్టి ఏ తేడా వచ్చినా కారణం సాధారణంగా కంటికి కనిపిస్తుంది. కాళ్లు నేల మీద ఉండగానే, తెలిసినవాళ్లు పక్కన ఉండగా ఇవన్నీ సరిచూసుకోండి.

బరువు వేయగానే కిందికి జారుతోంది

చాలామంది వెంటనే ఇంకో చుట్టు వేసేస్తారు. అది తర్వాత. ముందు ముడిని దగ్గరగా చూడండి. మూడు చుట్ల ప్రూసిక్ అయితే మధ్యలోంచి లూప్ బయటికి వస్తుంది, దానికి పైన మూడు వరుసలు, కింద మూడు వరుసలు గాజుల్లా పక్కపక్కనే ఉండాలి. ఒక వరుస ఇంకోదాని మీదికి ఎక్కిందంటే అక్కడ అది పెద్ద తాడును తాకడం లేదు, పట్టు తగ్గినట్టే. ముడిని కాస్త వదులు చేసి, వేలితో ఒక్కో వరుసనూ సర్ది, లూప్‌ను లాగి బిగించండి. లూప్ రెండు కొసలను కలిపే డబుల్ ఫిషర్‌మన్ ముడి చుట్ల మధ్యలోకి వచ్చినా ఇదే ఇబ్బంది. దాన్ని పక్కకు జరపండి, కారబైనర్ (తెరిచి మూసే లోహపు కొక్కెం) తగిలించే చోట కూడా ఉండకూడదు. ఆ ముడి బయట మిగిలే కొసలు 6-7 సెం.మీ. అయినా ఉండాలి.

చుట్లు చక్కగా ఉన్నా జారుతుంటే తాడు మందం చూడండి. లూప్ తాడు పెద్ద తాడు మందంలో సుమారు 60 నుంచి 80 శాతం ఉంటే బాగా పట్టుకుంటుంది. 10-11 మి.మీ. తాడుకు 6 లేదా 7 మి.మీ. సరిపోతుంది. 10 మి.మీ. తాడు మీద 9 మి.మీ. లూప్ కట్టి జారుతోందంటే ముడిని తప్పుపట్టి లాభం లేదు. 5 మి.మీ. గట్టిగానే పట్టుకుంటుంది కానీ దాని బలం తక్కువ, బరువు పడ్డాక వదులు చేయడమూ కష్టం.

ఆ తర్వాత తాడు మెత్తదనం. లూప్ తాడును ఒకచోట మడిచి రెండు వేళ్లతో నొక్కండి. మడతలో మిగిలే కన్నం తాడు మందం కంటే పెద్దగా ఉంటే అది బిరుసెక్కింది, పెద్ద తాడును సరిగా హత్తుకోదు. మెత్తటి నైలాన్ తాడు తీసుకోండి. డైనీమా అనే సింథటిక్ పోగుతో చేసిన తాడుకు నునుపు ఎక్కువ, పైగా సుమారు 150 డిగ్రీలకే కరుగుతుంది. ఈ పనికి నేనైతే దాన్ని వాడను.

తాడు తడిసినా, బురద అంటినా పట్టు తగ్గుతుంది. చుట్టు పెంచాల్సింది ఇక్కడే. భువనగిరి లాంటి రాతి గుట్టల దగ్గర తాడును నేల మీద పడేస్తే రాతి పొడి అంటుకుంటుంది. కింద పట్టా పరవండి.

నిన్నటిదాకా పట్టుకున్న ముడి కంగారులో జారింది

జారుతున్నట్టు అనిపించగానే ఎవరైనా చేతికి దొరికినదాన్ని పట్టుకుంటారు. ఆ దొరికేది ముడే అయితే ప్రమాదం. పైనుంచి పిడికిలితో పట్టుకుని కిందికి లాగితే చుట్లు బిగుసుకోవు, మీతో పాటే కిందికి వచ్చేస్తాయి. టెన్షన్‌లో కూడా చెయ్యి ముడి మీద పడకుండా నేల మీదే అలవాటు చేసుకోండి. కొన్ని మీటర్లు ఎక్కిన ప్రతిసారీ కింద వేలాడే పెద్ద తాడులో ఫిగర్ ఎయిట్ లూప్ (8 అంకె ఆకారంలో ముడి) వేసి హార్నెస్‌కు (నడుముకు, తొడలకు కట్టుకునే పట్టీలకు) తగిలించండి. అప్పుడు ముడులు రెండూ జారినా ఎంతవరకు పడతారో దానికి హద్దు ఉంటుంది.

బిగుసుకుపోయింది, పైకి జరగడం లేదు

ముందు దాని మీద బరువు పూర్తిగా తీసేయండి, రెండో లూప్‌లో నిలబడండి. చుట్ల మీదుగా నిలువుగా పోయే పోగు ఒకటి ఉంటుంది. బొటనవేలితో దాన్ని లూప్ వైపుకు నెట్టితే చుట్లు వదులవుతాయి, అప్పుడు ముడి మొత్తాన్ని పట్టుకుని పైకి జరపండి. ప్రతిసారీ ఇలాగే అవుతుంటే చుట్టు ఒకటి తగ్గించి, నేల దగ్గరే బరువు వేసి చూడండి.

ఎంత కష్టపడినా జానెడు కూడా ఎక్కడం లేదు

ఇది ముడి లోపం కాదు, లూప్‌ల పొడవు కుదరలేదు. నడుము లూప్ మీద వేలాడినప్పుడు దాని ముడి చేతికి సులువుగా అందాలి. అందకపోతే అక్కడే ఇరుక్కుపోతారు. కాలి లూప్‌లో నిటారుగా నిలబడితే దాని ముడి నడుము దగ్గరికి రావాలి.

దిగేటప్పుడు బ్యాకప్ ముడి పట్టుకోవడం లేదు

బ్యాకప్ అంటే దిగే పరికరం కింద, తాడుకు అదనపు రక్షణగా కట్టే ముడి. లూప్ పొడవై, ఆ ముడి పైకి వెళ్లి దిగే పరికరానికి తగులుతోంది. తగిలితే అది ముడిని బిగుసుకోనివ్వదు. లూప్ పొట్టి చేయండి, లేదా పరికరాన్ని స్లింగ్‌తో (పట్టీతో చేసిన లూప్‌తో) హార్నెస్‌కు కాస్త ఎత్తులో పెట్టండి.

లూప్ తాడు మెరుస్తోంది, గట్టిపడింది

జారినప్పుడు పుట్టిన వేడికి నైలాన్ పైపొర కరిగి గడ్డకట్టింది. దీనికి మరమ్మతు లేదు. ముడి జారిన చోట పెద్ద తాడును కూడా వేళ్లతో తడిమి చూడండి, గరుకుగానో గట్టిగానో తగిలితే దాన్నీ పక్కన పెట్టండి. పాడైన లూప్‌ను ముక్కలుగా కోసి పారేయండి, లేకపోతే సంచిలోంచి తీసి ఇంకెవరైనా వాడేస్తారు.