లాన్‌కు ఎరువు వేసే ముందు మట్టి పరీక్ష ఎలా చేయించాలి?

గడ్డి పసుపు తిరిగితే చాలు, అనంతపురంలో అందరి చెయ్యీ యూరియా సంచి మీదికే పోతుంది. ఇల్లు కట్టగా మిగిలిన సిమెంటు, సున్నం కలిసిన నేలలో ఇనుము ఉన్నా గడ్డికి అందదు. అలాంటి చోట యూరియా ఎంత పోసినా లేత ఆకు పసుపుగానే ఉంటుంది. అందుకే ముందు పరీక్ష, తర్వాతే ఎరువు.

చిన్న పార, బకెట్, గుడ్డ సంచి, పాత పేపర్లు ఉంటే చాలు. బకెట్ ప్లాస్టిక్‌దే కావాలి. రేకు బకెట్‌కు ఉన్న జింకు పూత మట్టికి అంటితే ఫలితం మారిపోతుంది.

ఇక మట్టి తీయడం. పని చెడేది ఇక్కడే. గేటు పక్కన పైపైన గుప్పెడు మట్టి గీరి పంపేవాళ్లను ఎంతమందిని చూశానో! ఆ రిపోర్టు ఆ గుప్పెడు మట్టిదే, మీ లాన్‌ది కాదు.

లాన్ అంతా అటూ ఇటూ వంకరగా నడుస్తూ పది చోట్ల తీయండి. గోడ పక్కన, చెట్టు కింద, పెంట పోసిన చోట, నీళ్లు నిలిచే చోట వద్దు. ఈ మధ్యే ఎరువు వేసి ఉంటే రెండు నెలలు ఆగండి. గడ్డిని పక్కకు తీసి, 'వి' ఆకారంలో నాలుగంగుళాల గుంత తవ్వి, దాని గోడ నుంచి పైనుంచి అడుగుదాకా ఒకే మందంలో పొర తీయాలి. పొలానికైతే ఆరంగుళాలు, గడ్డికి నాలుగు చాలు.

కర్నూలు వైపు నల్లరేగడి మీద రెండంగుళాల ఎర్రమట్టి పరిచి లాన్ వేస్తుంటారు. పైన గీరితే ఎర్రమట్టి ఫలితం వస్తుంది, వేళ్లు దిగేదేమో నల్లమట్టిలోకి. లోతు గురించి ఇంతగా చెప్పేది అందుకే. ట్రాక్టరుతో మట్టి తోలించిన భాగం, పాత నేల భాగం వేర్వేరుగా ఉంటే రెండు సంచులు పంపండి, కలపొద్దు.

తీసిందంతా పేపరు మీద పోసి, గడ్డలు చిదిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురుగా ఉన్న రెండు తీసేయండి. అర కిలో మిగిలేదాకా ఇదే పని. నీడలోనే ఆరబెట్టాలి, ఎండలో కాదు. సంచిలో పేరు, తేదీతోపాటు 'ఇంటి లాన్' అని రాసిన చీటీ పెట్టి భూసార పరీక్షా కేంద్రంలో ఇవ్వండి.

రిపోర్టులో పీహెచ్ (నేల ఆమ్లమో క్షారమో చెప్పే అంకె) 8.5 దాటితే జిప్సం ఎంత వేయాలో అక్కడే అడగండి. భాస్వరం ఎక్కువుంటే, భాస్వరం ఉండే డీఏపీ ఎరువు జోలికి పోవద్దు. లేత ఆకుల్లో ఈనెలు పచ్చగా, మధ్య భాగం పసుపుగా ఉంటే అది ఇనుము లోపం. వేరుశనగకు కొట్టినట్టే లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) కలిపి సాయంత్రం పిచికారీ చేయండి. టైల్స్ మీద పడితే మరక పోదు.

నత్రజనికి మన సున్నపు నేలల్లో అమ్మోనియం సల్ఫేటే వాడాలి. యూరియా కన్నా ఇది నేల క్షారాన్ని బాగా తగ్గిస్తుంది. సెంటుకు కిలో. సగం నిలువుగా, సగం అడ్డంగా, ఆకు తడి లేనప్పుడు చల్లి వెంటనే నీళ్లు పెట్టండి. జూన్ వానలు పడ్డాక ఒకసారి, అక్టోబరులో ఇంకోసారి. ఏప్రిల్, మే ఎండల్లో మాత్రం వేయకండి, గడ్డి మాడిపోతుంది.