విశాఖలో ఇంటిని చేతిపనులతో, పాత సామానుతో అలంకరించుకోవడం ఎలా?

కొత్త ఇంట్లోకి మారగానే గోడలన్నీ ఒక్క వారంలో నింపేయాలన్న తొందర చాలామందిలో కనిపిస్తుంది. యంత్రం ముద్రించిన బొమ్మలు, ఒకే అచ్చులో పోసిన విగ్రహాలు తెచ్చి పెడితే ఆ ఇల్లు ఏ ఊళ్లోదైనా కావచ్చు. విశాఖపట్నం వాళ్లకు ఆ అవసరం లేదు. పొద్దున బయలుదేరి సాయంత్రానికి తిరిగి రాగలిగినంత దూరంలో లక్క బొమ్మలు చేసే ఊరుంది, వీణలు చెక్కే ఊరుంది, కంచు, ఇత్తడి పనికి పేరుపడ్డ ఊరుంది. ఏది ఎక్కడ చేశారో, దేనితో చేశారో తెలుసుకుని, మన సముద్రపు గాలికి అది ఎంతవరకు ఓర్చుకుంటుందో చూసి కొనడం ఒక్కటే నేర్చుకోవాలి.

ముందు ఇంటిని చూడండి

దుకాణానికి వెళ్లే ముందు కాగితం మీద గదుల పటం గీసుకోండి. ఏ గోడ మీద నేరుగా ఎండ పడుతుంది, ఎన్ని గంటలు పడుతుంది, వానాకాలంలో ఏ గోడ చెమ్మగిల్లుతుంది, సముద్రం వైపు కిటికీలు ఏవి అన్నది గుర్తు పెట్టండి. సున్నం పొక్కిన చోట, స్నానాల గదికి ఆనుకున్న గోడ మీద చిత్రాలు పెట్టకూడదు. ఎండ పడే గోడకు సహజ రంగుల గుడ్డలు పనికిరావు. బీచ్ రోడ్డుకు దగ్గరగా ఉన్న ఇళ్లలో ఉప్పు గాలి ఇనుమును తొందరగా తినేస్తుంది, ఇత్తడిని నల్లబరుస్తుంది. అక్కడ బాల్కనీలో మట్టి కుండలు, రాతి సామాను బాగుంటాయి. లోహపు వస్తువులు లోపలి గదుల్లో ఉండాలి.

ఆ తర్వాత ఇంట్లోని అటక దించండి. ఊళ్లో పాత ఇల్లు ఉంటే అక్కడి అటక కూడా చూడండి. గంగాళం, మరచెంబు, ఆకుపెట్టె, దీపపు సెమ్మె, భోషాణం, కావడిపెట్టె... వీటిలో ఒకటో రెండో దొరకని కుటుంబం అరుదు. స్టీలు సామాను వచ్చాక వీటిని తూకానికి అమ్మేసినవాళ్లు ఎందరో. అమ్మమ్మ వాడిన గంగాళం కంటే విలువైన పాత వస్తువు ఏ దుకాణంలోనూ దొరకదని నా గట్టి నమ్మకం. అది ఎవరిది, ఏ పెళ్లిలో సారెగా వచ్చింది అన్నది ఇంట్లో పెద్దవాళ్లను అడిగి చిన్న చీటీ మీద రాసి లోపల ఉంచండి. ఆ సంగతి తెలిసినవాళ్లు వెళ్లిపోతే గంగాళం ఉత్త ఇత్తడిగా మిగిలిపోతుంది.

ఏటికొప్పాక లక్క పని

మన ప్రాంతపు చేతిపనుల్లో మొదట కొనదగినది ఇదే. ఏటికొప్పాక అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉంది. విశాఖ నుంచి సుమారు 65 కిలోమీటర్లు. అంకుడు కర్రను తరిణి (కర్రను గుండ్రంగా తిప్పే యంత్రం) మీద తిప్పుతూ ఉలితో చెక్కుతారు. కర్ర తిరుగుతుండగానే రంగు కలిపిన లక్క కడ్డీని దానికి ఆనించి పట్టుకుంటే, రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. చివర మొగలి ఆకుతో రుద్ది మెరుపు తెస్తారు. పసుపు, నీలి, జాఫ్రా గింజలు, కరక్కాయ లాంటివాటి నుంచి రంగులు తీసే పద్ధతిని ఆ ఊళ్లో మళ్లీ నిలబెట్టారు. ఆ కృషికి చింతలపాటి వెంకటపతి రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) దక్కింది. 2025 గణతంత్ర దినోత్సవంలో మన రాష్ట్ర శకటం కూడా వీటి మీదే.

కొనేటప్పుడు వస్తువును చేతిలోకి తీసుకుని అడుగు భాగం చూడండి. లక్క పట్టని చోట లేత రంగు కర్ర కనిపించాలి. అంకుడు కర్ర బొమ్మ చేతికి తేలికగా ఉంటుంది. కుంచెతో పూసిన పెయింటుకు గీతలు తెలుస్తాయి, అంచుల్లో కారిన గుర్తులుంటాయి. లక్క పట్టీ కర్ర చుట్టూ ఒకే మందంలో వెళుతుంది, రెండు రంగులు కలిసే గీత పదునుగా ఉంటుంది. సహజ రంగులు కళ్లకు గుచ్చుకోవు. ఇంటి అలంకరణకు చిన్న బొమ్మలే కొనాలని లేదు. మూతల డబ్బాలు, దీపాల స్తంభాలు, గోడ గడియారాలు కూడా చేస్తారు. నా సలహా అడిగితే, ఇరవై చిన్న బొమ్మల బదులు ఒకే రంగు వరసలో పెద్దవి మూడు కొనండి. వీలైతే ఏటికొప్పాకకే వెళ్లి కొనండి. తరిణి తిరుగుతుండగా లక్క కర్రకు అంటుకోవడం ఒకసారి చూసినవాళ్లు ఆ తర్వాత ధర దగ్గర గీచి గీచి బేరమాడరు.

లక్కకు ఇద్దరు శత్రువులు: వేడి, స్పిరిట్. పొయ్యి దగ్గర, ఎండ పడే కిటికీ గట్టు మీద పెడితే లక్క మెత్తబడుతుంది. శానిటైజర్ చల్లిన గుడ్డతో తుడిస్తే మెరుపు పోయి తెల్లటి మచ్చలు పడతాయి. పొడి మెత్తటి గుడ్డ చాలు.

కంచు, ఇత్తడి, డోక్రా

శ్రీకాకుళం జిల్లా బుడితి కంచు, ఇత్తడి పనికి కూడా భౌగోళిక గుర్తింపు ఉంది. రాగి, తగరం కలిస్తే కంచు. రాగి, జింకు కలిస్తే ఇత్తడి. దుకాణంలో ఒక అయస్కాంతం జేబులో ఉంచుకోండి. దానికి అతుక్కుంటే లోపల ఇనుము ఉందని, పైన పూత మాత్రమేనని అర్థం. కంచును వేలితో కొడితే మోత చాలాసేపు నిలుస్తుంది.

బస్తర్, ఒడిశా నుంచి వచ్చే డోక్రా బొమ్మలు విశాఖ ప్రదర్శనల్లో తరచూ కనిపిస్తాయి. మైనపు తీగలతో రూపం అల్లి, పైన మట్టి పూసి, మైనం కరిగిపోయిన ఖాళీలో లోహం పోస్తారు. బొమ్మ తీయడానికి మట్టి మూసను పగలగొట్టాల్సిందే. కాబట్టి అచ్చుగుద్దినట్టు ఒకే రకంగా రెండు కనబడితే అవి ఆ పద్ధతిలో చేసినవి కావు.

కొత్త ఇత్తడిని ఆమ్లంలో ముంచి నల్లబరిచి పాతదని అమ్మేవాళ్లున్నారు. ఆ నలుపు అన్ని చోట్లా సమానంగా ఉంటుంది. నిజంగా వాడిన చెంబు పట్టుకునే మెడ దగ్గర, నేలకు ఆనే అడుగున ఎక్కువ అరిగి ఉంటుంది.

గోడకు ఏం పెట్టాలి?

సీతంపేట ప్రాంతపు సవర గిరిజనుల చిత్రాలు నాకు చాలా ఇష్టం. ఎర్రమట్టి రంగు మీద బియ్యప్పిండి తెలుపుతో మనుషులు, గుర్రాలు, ఏనుగులు, చెట్లు గుంపులుగా కదులుతాయి. ఇళ్లలో లోపలి గోడ మీద దేవతలకు, పూర్వీకులకు నిలయంగా గీసే ఈ చిత్రాలను ఇడితాల్ అంటారు. ఇప్పుడు గుడ్డ మీద, కాగితం మీద కూడా వేస్తున్నారు. కొనేటప్పుడు ఏ సందర్భానికి గీసే బొమ్మో అడగండి. వాళ్లకు అది పూజకు సంబంధించినది కాబట్టి చెప్పుల అర పైన కాకుండా ఇంట్లో మంచి చోట పెట్టాలి.

కలంకారీలో శ్రీకాళహస్తిది కలంతో గీసేది, పెడనది చెక్క అచ్చులతో అద్దేది. రెండింటికీ ఎండ పడదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లలితకళల విభాగం ఉంది. అక్కడి విద్యార్థుల ప్రదర్శనలు జరిగినప్పుడు వెళ్లండి. పేరు రాని చిత్రకారుడి దగ్గర మనసుకు నచ్చిన ఒక్క చిత్రం కొనడం, కాన్వాసు ముద్రణలు పది కొనడం కంటే నయం. చిత్రకారుడి సంతకం, తేదీ, వాడిన రంగుల వివరం రాయించుకోండి. మధురవాడ శిల్పారామంలోను, ప్రభుత్వ లేపాక్షి ఎంపోరియంలోను రాష్ట్రమంతటి చేతిపనులు ఒకేచోట చూడవచ్చు. ధరలు పోల్చుకోవడానికి మొదట అక్కడికే వెళ్లండి.

పాత కలప కొనేటప్పుడు

మండువా ఇళ్లు కూల్చినప్పుడు వచ్చే టేకు తలుపులు, స్తంభాలు, ఉయ్యాల బల్లలు అమ్మకానికి వస్తుంటాయి. ముందు వైపు కాదు, వెనక వైపు, అడుగు వైపు చూడండి. చేతి రంపపు గీతలు తిన్నగా, ఎగుడుదిగుడుగా ఉంటాయి. గుండ్రటి వంపులో గీతలుంటే యంత్రపు రంపం కోసినది. కొయ్య మేకులు, ఒక కొయ్య కొన ఇంకో కొయ్య రంధ్రంలో దిగే కుసురు అతుకులు పాతదనానికి గుర్తులు. రంధ్రాల కింద లేత రంగు పొడి రాలుతుంటే పురుగు ఇంకా బతికే ఉంది. మందు పట్టించి, పొడి రాలడం ఆగిందని నిర్ధారించుకున్నాకే మిగతా సామాను మధ్యకు తీసుకురండి. పాత తలుపును అద్దం వేసి బల్లగా మార్చుకోవచ్చు. అయితే మంచి చెక్కడం ఉన్న తలుపును కోయకండి. గోడకు నిలబెట్టండి చాలు.

బొబ్బిలి వీణల సంగతి కూడా ఇక్కడే. గొల్లపల్లిలో పనస కర్రతో చేసే ఈ వీణల చిన్న నమూనాలు అలంకరణకు దొరుకుతాయి. వాటినే కొనండి. వాయించే వీణ వాయించేవాళ్ల ఇంట్లో ఉండాలి.

చట్టం గురించి తప్పక తెలుసుకోవలసినవి

18వ శతాబ్దంలో విశాఖపట్నం పేరు ఐరోపాలో వినిపించింది దంతపు పనితోనే. నల్లకర్ర, చందనం, రోజ్‌వుడ్ సామానుకు దంతపు పలకలు తాపడం చేసి, వాటి మీద గీసిన సన్నటి గీతల్లో నల్ల లక్క నింపేవారు. ఇక్కడి కంసాలులు చేసిన ఆ పెట్టెలు, కుర్చీలు ఇప్పుడు లండన్ మ్యూజియంలలో ఉన్నాయి. ఆ పనితనం చూసి గర్వపడదాం, దంతం మాత్రం కొనకూడదు. భారతీయ ఏనుగు దంతం వ్యాపారాన్ని 1986 నుంచి వన్యప్రాణి చట్టం నిషేధించింది. వారసత్వంగా వచ్చినదైనా యాజమాన్య ధ్రువపత్రం లేకుండా ఉంచుకోవడం నేరం. అలాంటిది ఇంట్లో ఉంటే అటవీ శాఖను అడిగి తెలుసుకోండి. సముద్రపు అలంకరణల్లో పగడపు దిబ్బల ముక్కలు, సముద్రపు విసనకర్రలు (విసనకర్ర ఆకారంలో ఉండే పగడపు జాతి), నాటిలస్ అనే చుట్టల గవ్వ కూడా నిషిద్ధాలే. బీచ్‌లో ఎవరైనా చూపించినా తీసుకోకండి.

వందేళ్లు దాటిన కళాఖండాలకు 1972 నాటి పురావస్తు చట్టం వర్తిస్తుంది. అమ్మేవారికి లైసెన్సు ఉండాలి. విగ్రహాలు, పాత చిత్రాల వంటి కొన్ని రకాలను నమోదు చేయించాలి. ఇలాంటి పాత వస్తువులను విదేశంలో ఉన్న పిల్లలకు సొంతంగా పంపించడం కుదరదు. పాత గుడిదని చెప్పి కాగితాలు లేకుండా విగ్రహం చూపిస్తే, ధర ఎంత తక్కువైనా అక్కడి నుంచి లేచి వచ్చేయండి. అది ఏదో ఒక ఊరి వాళ్లు ఇంకా వెతుక్కుంటున్న దేవుడు కావచ్చు.

అమర్చడం, కాపాడుకోవడం

చిత్రం మధ్య భాగం నేల నుంచి సుమారు 145 నుంచి 150 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే నిలబడి చూసేవారికి సరిపోతుంది. కూర్చుని చూసే గదిలో ఇంకొంచెం దించండి. సోఫా పైన అయితే ఒక జానెడు ఖాళీ వదలండి. కాంక్రీటు గోడకు మేకు కాకుండా డ్రిల్లు చేసి ప్లగ్గు వేసి స్టెయిన్‌లెస్ స్టీలు మరలు బిగించాలి. మామూలు ఇనుప కొక్కెం తుప్పు పట్టి ఒకనాడు పటంతో సహా ఊడిపోతుంది. ఫ్రేము కింది మూలల వెనక చిన్న కార్క్ ముక్కలు అతికిస్తే గోడకు, పటానికి మధ్య గాలి ఆడుతుంది. విశాఖలో బూజుకు ఇదే మంచి మందు. అద్దం నేరుగా కాగితానికి తగలకుండా మధ్యలో మౌంటు (మందపాటి అట్ట) పెట్టమని ఫ్రేము కట్టేవాళ్లతో చెప్పండి.

ఇంట్లో వాడే ఇత్తడిని చింతపండుతో తోమవచ్చు. తోమాక పులుపు మిగలకుండా కడిగి వెంటనే తుడిచి ఆరబెట్టాలి, లేకపోతే రెండు రోజుల్లో మళ్లీ నల్లబడుతుంది. ఏళ్ల తరబడి పట్టిన గోధుమ వన్నె ఉన్న పాత కంచును తోమకండి. ఆ వన్నె పోతే తిరిగి రాదు. అయితే గోటితో గీస్తే రాలే పొడిపొడి ఆకుపచ్చ మచ్చలు కనబడితే అది వన్నె కాదు, ఉప్పు వల్ల లోహం లోపలి నుంచి తినేయబడుతోందని అర్థం. దాన్ని మిగతావాటి నుంచి వేరు చేసి పొడి చోట పెట్టి, లోహ వస్తువుల సంరక్షణ తెలిసినవారికి చూపించండి.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఈ నగరంలో ఎన్ని కిటికీ అద్దాలు పగిలాయో అందరికీ గుర్తే. తుపాను హెచ్చరిక రాగానే సముద్రం వైపు గదుల్లోని పటాలు దించి లోపలి గదిలో గోడకు ఆనించి, నేల మీద కాకుండా మంచం మీద పెట్టండి. విలువైన ప్రతి వస్తువుకు ముందూ వెనకా ఫోటోలు తీసి, రసీదులతో కలిపి ఫోనులోనే కాక ఇంకొక చోట కూడా దాచండి. బీమా అడగాలన్నా, దొంగతనం జరిగితే ఫిర్యాదు ఇవ్వాలన్నా అవే ఆధారం.