మేపుల్ టాప్ మందపు చెక్కా, పల్చటి పొరా? ఎలా కనిపెట్టాలి?

ఎలక్ట్రిక్ గిటార్ టాప్ (ముందు ముఖం) మీద పులిచారల్లాంటి ఆ మెరుపు చూస్తే ఎవరికైనా మనసు లాగుతుంది. కానీ దాని కింద ఏముందో ఎదురుగా చూస్తే తెలియదు. వేలెడు మందాన అసలు మేపుల్ చెక్క ఉండొచ్చు, మిల్లీమీటరు కూడా లేని వెనీర్ పొర ఉండొచ్చు, ఒట్టి ప్రింటే కావొచ్చు. పాత గిటార్ కొనేముందు, ముఖ్యంగా రంగు మార్చాలని సాండ్‌పేపర్ పట్టేముందు, ఇది తేల్చుకోవాలి.

1. ముందు స్పెసిఫికేషన్ చదవండి. ‘ఫ్లేమ్ (అంటే ఆ చారలే) మేపుల్ టాప్’ అని మాత్రమే ఉంటే ఏమీ తేలనట్టే. ‘మేపుల్ క్యాప్, ఫ్లేమ్ మేపుల్ వెనీర్’ అని ఉంటే లోపల చారలు లేని మామూలు మేపుల్ మందంగా ఉందని, పైన చారలున్న పొర అతికించారని అర్థం. టాప్ ఒంపు తిరిగి ఉంది కాబట్టి అసలు చెక్కే అనుకోవద్దు. పల్చటి పొరను ఆ ఒంపు మీద కూడా నొక్కి అతికిస్తారు.

2. గిటార్‌ని లైటు కింద అటూ ఇటూ వంచండి. మేపుల్‌లో నారలు అలల్లా సాగడం వల్లే ఈ చారలు వస్తాయి. అందుకే కోణం మారగానే నల్లగా ఉన్న చార తెల్లబడుతుంది, తెల్లగా ఉన్నది నల్లబడుతుంది. ప్రింటులో ఈ ఆట ఉండదు. అయితే ఈ పరీక్ష ప్రింటును మాత్రమే పట్టిస్తుంది. వెనీర్ కూడా నిజమైన చెక్కే కదా, అది దర్జాగా పాసైపోతుంది.

3. ఇప్పుడు అంచు చూడండి. నా లెక్కలో అసలు పరీక్ష ఇదే. మందపు చెక్క అయితే పైనున్న చార అంచు దగ్గర ఆగదు, మలుపు తిరిగి పక్కకు దిగుతుంది. ఒక చారను ఎంచుకుని వేలితో వెంబడించండి. పైన చారలుండి పక్కన బోసిగా ఉంటే అది వెనీరే. చుట్టూ ప్లాస్టిక్ బైండింగ్ (అంచును కప్పే పట్టీ) ఉంటే కట్‌అవే దగ్గర, అంటే మెడ పక్కన బాడీ లోపలికి కోసిన చోట, వెతకండి. పాత లెస్ పాల్ (గిబ్సన్ కంపెనీ మోడల్) పద్ధతిలో చేసిన గిటార్లలో అక్కడ బైండింగ్ కింద సన్నటి మేపుల్ పట్టీ బయటపడుతుంది. ముదురు రంగు పూసేసి ఉంటే మాత్రం ఈ దారి మూసుకుపోయినట్టే.

4. ఇంకా అనుమానం ఉంటే పికప్ (తీగల కింద ఉండే అయస్కాంతపు భాగం) విప్పాలి. తీగలు బాగా వదులు చేయండి, కానీ మొత్తం తీసేయకండి. తీగల బిగువు మీదే నిలిచే టెయిల్‌పీస్ (తీగల చివర్లు పట్టే భాగం) ఉంటే ఊడి టాప్ మీద పడుతుంది. నా గిటార్ మీద సొట్ట అలా వచ్చిందే. పికప్ రింగ్ (దాని చుట్టూ ఉండే చట్రం) నాలుగు మూలల స్క్రూలు మాత్రం తీయండి. పక్కనుండే రెండూ పికప్ ఎత్తు సర్దడానికి, వాటి జోలికి పోవద్దు. వైర్లు లాగకుండా రింగ్‌ని మెల్లగా పైకెత్తి, ఫోన్ టార్చ్ దాని కింది గుంటలోకి కొట్టండి. తెల్లటి మేపుల్, దాని కింద ఎర్రటి మహాగని, మధ్యలో జిగురు గీత కనిపిస్తే మందం కళ్లముందే ఉంది. మధ్య అతుకు కూడా చూడండి. టాప్ మీద రెండు సగాలు కలిసే గీత గుంట గోడ మీద కూడా కిందికి దిగిందంటే అసలు చెక్క. పైపొరతో ఆగిపోతే వెనీర్. గుంటకు నల్లటి షీల్డింగ్ పెయింట్ (కరెంటు రొదను తగ్గించే పూత) వేసి ఉంటే స్క్రూ రంధ్రాల అంచులే దిక్కు.

వెనీర్ అని తేలితే బాధపడక్కర్లేదు. పికప్ పట్టేది తీగల కదలికని, చారల్ని కాదు. సౌండ్ కోసం చారలకు ఎక్కువ డబ్బు పెట్టమని నేనైతే చెప్పను. 1952లో వచ్చిన మొదటి లెస్ పాల్‌లకు మందపు మేపుల్ టాపే వేశారు, కానీ పైన బంగారు రంగు పూసేశారు. 1958లో చెక్క కనిపించే సన్‌బర్స్ట్ (మధ్యలో లేతగా, అంచుల్లో ముదురుగా ఉండే రంగు) వచ్చాకే చారలు, మధ్య అతుకు అందరి కళ్లల్లో పడ్డాయి. అదే ఏడాది వచ్చిన గిబ్సన్ వాళ్ల మరో గిటార్ ఈఎస్-335 బాడీనైతే కావాలనే పొరలు అతికించి చేశారు. అలాంటి గిటార్ చేతికొస్తే స్క్రూడ్రైవర్‌తో పనే లేదు, ఎఫ్ ఆకారపు రంధ్రం అంచులో ఆ పొరల్ని లెక్కపెట్టొచ్చు.

వెనీర్ ఉన్న గిటార్‌ని మాత్రం సాండింగ్ మెషిన్‌కి ఇవ్వకండి. పాత లక్కర్ (పైనున్న మెరుపు పూత) పోతోందనుకునేలోపే చారలు పోతాయి, కింద బోడి చెక్క తేలుతుంది.