కుర్చీలు నిండాలంటే: నాటక, సంగీత, నృత్య సంస్థల నిర్వాహకులకు

తెలుగు ఊళ్లలో ఏ నాటక సమాజం కార్యదర్శిని పలకరించినా, ఏ సంగీత సభ నిర్వాహకుణ్ణి కదిపినా, కాసేపటికి వచ్చే మాట ఒకటే: ఈ రోజుల్లో హాలుకు ఎవరు వస్తున్నారండీ అని. టీవీ, సెల్‌ఫోను, ట్రాఫిక్ అన్నీ ఆ మాటకు సాక్ష్యం చెబుతాయి, వాటిలో దేన్నీ కాదనలేము కూడా. కానీ పోయిన ప్రదర్శనకు ఎవరు వచ్చారు, వారిలో ఎందరు అంతకుముందు దానికీ వచ్చినవారు అని అడిగితే మాత్రం చాలా సంస్థల దగ్గర జవాబు ఉండదు. హాలు బాగానే నిండిందనో, ఆ రోజు వాన పడిందనో చెప్పి ఊరుకుంటారు. ఒకసారి వచ్చిన మనిషి రెండోసారి ఎందుకు రాలేదో తెలుసుకోకుండా కొత్తవారిని పిలవడానికి పెట్టే ఖర్చు చాలావరకు వృథా. అందువల్ల ఇక్కడ ప్రచారం గురించిన మాటలు చివరికి వస్తాయి. దానికంటే ముందు చక్కబెట్టుకోవలసినవి ఉన్నాయి.

తలుపు దగ్గర లెక్క

హాలు ద్వారం దగ్గర ఒక బల్ల, నాలుగైదు కలాలు, చేతిలో ఇమిడే చీటీలు సిద్ధం చేసుకోవాలి. చీటీలో పేరు, ఫోన్ నంబరు కాక మూడు ప్రశ్నలు చాలు: మా ప్రదర్శనకు రావడం ఇదే మొదటిసారా, ఈ కార్యక్రమం సంగతి మీకు ఎవరు చెప్పారు, ఏ పేట నుంచి వచ్చారు. ఇంకో ప్రశ్న చేర్చాలన్న ఉత్సాహం కార్యవర్గంలో ఎవరికో ఒకరికి తప్పక కలుగుతుంది. దాన్ని అక్కడే ఆపాలి, ఎందుకంటే మూడు ప్రశ్నలకు నిలబడి జవాబు రాసేవారే, ఆరు ప్రశ్నలు చూస్తే చీటీని జేబులో పెట్టుకొని లోపలికి వెళ్లిపోతారు. చీటీ అడుగున "తర్వాతి ప్రదర్శనల కబురు నాకు పంపవచ్చు" అన్న వాక్యం, దాని పక్కన టిక్కు పెట్టడానికి ఒక గడి ఉండాలి. వ్యక్తుల వివరాలను వారి సమ్మతితో వాడుకోవాలని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చెబుతోంది. చట్టం సంగతి అలా ఉంచినా, అడగకుండా సందేశాలు పంపడం మర్యాద కాదు. బల్ల దగ్గర కూర్చునే మనిషి వచ్చినవారిని నవ్వుతూ పలకరించగలవారై ఉండాలి. ఈసారి వేషం దొరకని కుర్ర నటుణ్ణి తెచ్చి అక్కడ కూర్చోబెట్టడం మంచి పద్ధతి కాదు.

మర్నాడే ఈ చీటీలను ఒక పుస్తకంలోకి గానీ కంప్యూటర్ పట్టికలోకి గానీ ఎక్కించాలి. ఒక ప్రదర్శనకు 120 మంది వచ్చారనుకుందాం. వారిలో నటుల బంధువులు, తోటి కళాకారులు 50 మంది, ఎప్పుడూ వచ్చేవారు 30 మంది, మొదటిసారి వచ్చినవారు 40 మంది. ఆ 40 మందిలో తర్వాతి ప్రదర్శనకు ఆరుగురే కనిపించారంటే, లోపం ప్రచారంలో లేదు. 40 మంది కొత్తవారిని తెచ్చిన ప్రచారం తన పని తాను చేసింది, మిగిలిన 34 మందిని పోగొట్టుకున్నది హాలు లోపలే. బంధువులను విడిగా లెక్కించడం మరిచిపోకూడదు. పాత్రధారులు మారితే బంధువులూ మారతారు కాబట్టి, వారిని కలిపి చూసే సంస్థకు తన ప్రేక్షకులు పెరుగుతున్నదీ తరుగుతున్నదీ ఎన్నటికీ తెలియదు.

మూడో గంట మోగగానే తెర లేవాలి

ఆహ్వాన పత్రికలో సాయంత్రం ఆరు గంటలని అచ్చు వేసి, ఏడింటికి జ్యోతి ప్రజ్వలన చేసి, ప్రార్థనాగీతం, అతిథుల పరిచయాలు, అధ్యక్షోపన్యాసం, శాలువాలు, జ్ఞాపికలు అన్నీ ముగించి ఎనిమిదిన్నరకు తెర తీస్తే, పిల్లలతో వచ్చిన కుటుంబం అప్పటికే ఆటో ఎక్కి ఉంటుంది. ఇందులో ఒక అన్యాయం కూడా ఉంది. ఆరంటే ఎనిమిదని పాత ప్రేక్షకులకు తెలుసు కనుక వారు తీరికగా ఎనిమిదికే వస్తారు. అచ్చువేసిన మాటను నమ్మి ఆరింటికే వచ్చి కూర్చునేది కొత్తవాడు. సంస్థ ఎవరిని నిలబెట్టుకోవాలో సరిగ్గా వారికే శిక్ష పడుతోందన్నమాట.

బెంగళూరులో 2004లో మొదలైన రంగశంకర అనే నాటకశాల, ప్రదర్శన వేళకు మొదలుపెట్టడానికీ, ఆలస్యంగా వచ్చినవారిని లోపలికి రానివ్వకపోవడానికీ పేరుపడింది. మన దగ్గర అంత కచ్చితం మొదటిరోజే కుదరదు గానీ, దశలవారీగా చేరుకోవచ్చు. తెర లేచే ముందు మూడుసార్లు గంట కొడతాం కదా, వచ్చే ప్రదర్శన పత్రికలో వాటిలో ఆఖరిదాని వేళను "మూడో గంట 6:30కు" అని విడిగా, పెద్ద అక్షరాలతో వేసి, హాలులో పదిమందే ఉన్నా ఆ వేళకు గంట కొట్టి తెర తీయాలి. ఆ రోజు కొందరు పెద్దలకు కోపం వస్తుంది. ఆ మాట ఊళ్లో పాకుతుంది కూడా. ఆ పాకడమే మనకు కావలసినది.

సన్మానాలు ఏం చేయాలన్నది దీనికంటే చిక్కు ప్రశ్న, ఎందుకంటే హాలు అద్దె, లైట్ల ఖర్చు ఇచ్చేది దాతలే, వారికి వేదిక మీద గౌరవం దక్కాలని ఆశించడంలో తప్పేమీ లేదు. సన్మానాన్ని తీసేయనక్కరలేదు, ప్రేక్షకుల సమయంలోంచి తప్పిస్తే చాలు. తెర లేవడానికి గంట ముందు దాతలను, అతిథులను, వారి కుటుంబాలను పిలిచి, నటులు మేకప్‌తో ఉండగానే వారితో కలిపి కాఫీ ఇచ్చి, అక్కడే శాలువా కప్పి ఫోటో తీయించవచ్చు. కృష్ణుడి వేషంలో ఉన్న నటుడి పక్కన నిలబడి తీయించుకున్న ఫోటో ఇంట్లో గోడ ఎక్కుతుందే గానీ, మైకు ముందు వరుసగా నిలబడిన పదిమందిలో ఒకరిగా తీయించుకున్నది ఎవరూ దాచుకోరు. వేదిక మీద దాతల పేర్లు మాత్రం స్పష్టంగా, ఒక్క నిమిషంలో చదవాలి. ముఖ్య అతిథి మాట్లాడి తీరాలనుకుంటే, ఆహ్వానించే ఉత్తరంలోనే మూడు నిమిషాలని రాయాలి; మైకు అందుకున్నాక గడియారం ఎవరికీ కనిపించదు.

ముందు వరుస సోఫాల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. రాని అతిథుల కోసం ఖాళీగా ఉంచిన సోఫాల వెనక ప్లాస్టిక్ కుర్చీల్లో ప్రేక్షకులను కూర్చోబెట్టడం వారికి అవమానం, ఖాళీ వరుసను చూస్తూ పద్యం ఎత్తుకోవలసిన నటుడికి శిక్ష. రెండో గంటకు ఎవరూ రాకపోతే ఆ సీట్లు వెనకవారికి ఇచ్చేయాలి. చివరి వరుసలో ఒక మనిషిని కూర్చోబెట్టి మైకులు పరీక్షించడం, మరుగుదొడ్లు, మంచినీళ్లు, ఆఖరి బస్సు వేళ చూసుకోవడం మామూలు విషయాలే గనుక వాటిని విడిగా వివరించను.

టికెట్టు పెట్టడం

"ప్రవేశం ఉచితం, అందరూ ఆహ్వానితులే" అన్న వాక్యం చూడటానికి ఉదారంగా ఉన్నా, రాకపోయినా నష్టమేమీ లేదన్న సంగతి కూడా అదే చెబుతుంది. తెలుగువాళ్లు నాటకానికి టికెట్టు కొనరని వాదించేవారు సురభి చరిత్రను ఒకసారి చూడాలి. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో కీచకవధ ప్రదర్శనతో మొదలైన ఆ కుటుంబ నాటక సంస్థలు, ఊరూరా తాత్కాలిక నాటకశాలలు వేసుకొని, నాటకాలు మార్చి మార్చి ఆడుతూ, టికెట్ల రాబడి మీదే తరతరాలు బతికాయి. పేరున్న నటులతో కాంట్రాక్టర్లు పద్యనాటకాలు ఆడించిన రోజుల్లో జనం డబ్బిచ్చే "వన్స్ మోర్" అన్నారు. మానేసింది కొనడం కాదు, అమ్మడం.

అయితే ఏళ్ల తరబడి ఉచితంగా చూపించి, ఒక్కసారిగా 200 రూపాయలు పెడితే హాలు ఖాళీ అవుతుంది. సంవత్సరంలో ఒక ప్రదర్శనకు, అదీ సంస్థకు బాగా పేరు తెచ్చినదానికి, 100 రూపాయల టికెట్టు, విద్యార్థులకు అందులో సగం పెట్టి మొదలుపెట్టవచ్చు. కార్యవర్గ సభ్యులు, నటులు కూడా తమవారి కోసం టికెట్లు కొనాలి. ఈ ఒక్క నియమం దగ్గరే చాలా సంస్థలు జారిపోతాయి. దాతలకు ఇచ్చే పాసుల మీద వరుస సంఖ్యలు వేసి, ఎన్ని ఇచ్చారో, వాటిలో ఎన్ని హాలుకు వచ్చాయో రాసుకోవాలి. నాటకం, నృత్యం, సంగీత కచేరీల ప్రవేశ రుసుము మనిషికి 500 రూపాయలు మించకపోతే జీఎస్టీ మినహాయింపు ఉంది, 2018కి ముందు ఈ పరిమితి 250 రూపాయలే ఉండేది. కాబట్టి చిన్న సంస్థలు ఆ భయంతో వెనకడుగు వేయనక్కరలేదు. టికెట్టు అలవాటయ్యాక ఏడాదికి నాలుగు ప్రదర్శనలకు కలిపి ఒక కార్డు అమ్మాలి. చెన్నై సంగీత సభలు దశాబ్దాలుగా నిలబడటంలో సభ్యత్వానికి పెద్ద పాత్ర ఉంది: ముందే డబ్బు కట్టిన సభ్యుడు వాన పడినా, పరిచయం లేని గాయకుడైనా, ఎలాగూ కట్టాం కదా అని వస్తాడు, ఆ రావడంలోనే కొత్త గాయకులకు శ్రోతలు దొరుకుతారు.

తేదీని అలవాటు చేయడం

ప్రతి నెలా రెండో శనివారమో, మూడో ఆదివారమో ఒక రోజును స్థిరంగా పెట్టుకోగల సంస్థకు సగం ప్రచారం దానంతట అదే జరుగుతుంది. నెలకొకటి కుదరకపోతే రెండు నెలలకొకటి పెట్టుకోవచ్చు గానీ, హాలు దొరికినప్పుడు, హీరో పాత్రధారికి సెలవు దొరికినప్పుడు వేయడం మానుకోవాలి. క్యాలెండరు గీసేటప్పుడు మార్చిలో ఇంటర్, పదో తరగతి పరీక్షలు, వేసవి సాయంత్రాల ఐపీఎల్ మ్యాచ్‌లు, సంక్రాంతికి ఖాళీ అయ్యే హైదరాబాదు గుర్తుండాలి. ఇవాళ్టి ప్రదర్శన ముగిసి ప్రేక్షకులు లేచేలోపు తర్వాతి ప్రదర్శన తేదీ వేదిక మీద చెప్పాలి. చప్పట్లు కొడుతున్న మనిషి రెండోసారి వస్తానని అనుకునేది ఆ క్షణంలోనే. వందన సమర్పణలో ఇరవై పేర్ల తర్వాత చెబితే వినడానికి ఎవరూ మిగలరు.

ఎవరిని పిలవాలి

"అందరినీ" అన్న జవాబు కార్యవర్గ సమావేశంలో బాగుంటుంది గానీ పనికి రాదు. ఏడాదికి ఒక కొత్త వర్గాన్ని ఎంచుకొని, వారికి ఏది అడ్డో కనుక్కొని, ఆ అడ్డును తొలగించడం మంచిది. కూచిపూడి నేర్పే సంస్థలకు ఈ వర్గం ఇంట్లోనే ఉంది. పిల్లల వార్షికోత్సవానికి వచ్చే తల్లిదండ్రులు తమ పాప అంశం అయిపోగానే లేచి వెళ్తారు, గురువుగారి సొంత ప్రదర్శనకు అసలే రారు. నేర్చుకునే పిల్లలకు ఆ ప్రదర్శనకు ముందు తరగతిలో ఒక జతిని (తాళానికి వేసే అడుగుల వరుసను), పాటలోని ఒక చరణానికి అభినయాన్ని చూపించి, రేపు వేదిక మీద ఇవి ఎక్కడ వస్తాయో కనిపెట్టి రమ్మని పని అప్పజెబితే, పిల్లలే తల్లిదండ్రులను వెంటబెట్టుకొని వస్తారు.

పద్యనాటక సమాజాలకు అడ్డు వేరు. ముప్పై ఏళ్ల ఉద్యోగికి పద్యంలోని రాగం నచ్చుతుంది, అర్థం సగం జారిపోతుంది, తెలియలేదని ఒప్పుకోవడానికి సిగ్గు. హరిశ్చంద్ర నాటకంలోని కాటిసీనులో వచ్చే పద్యాలను తాత్పర్యంతో రెండు పేజీల్లో అచ్చువేసి చేతికివ్వడం, తెర లేవడానికి ముందు ఒక తెలుగు ఉపాధ్యాయుడితో ఐదు నిమిషాలు మాట్లాడించడం చవకైన ఉపాయాలు. ఆ మాటలు కథ చెప్పకూడదు. ఎక్కడ చెవి పెట్టాలో చెప్పాలి. రాయడానికి, చెప్పడానికి ఎవరూ దొరకరని అనుకోవద్దు, ప్రతి ఊళ్లోనూ అడిగితే సంతోషించే పండితులు ఉంటారు.

ప్రేక్షకులను తయారు చేసుకోవచ్చనడానికి కర్ణాటకలోని హెగ్గోడు మంచి నిదర్శనం. శివమొగ్గ జిల్లాలోని ఆ చిన్న ఊళ్లో 1949లో పుట్టిన నీనాసం అనే నాటక సంస్థ, కె.వి. సుబ్బణ్ణ నాయకత్వంలో నాటకాలు ఆడటంతో ఆగలేదు. పల్లెవాసులకు ప్రపంచ సినిమాలు చూపించి చర్చలు పెట్టింది, శిబిరాలు నడిపింది, 1985 నుంచి తిరుగాట అనే బృందంతో ఊరూరా నాటకాలు తిప్పింది. 1977లో కిరణ్ సేఠ్ మొదలుపెట్టిన స్పిక్ మెకే అనే సంస్థ కూడా శాస్త్రీయ కళాకారులను విద్యాసంస్థలకే తీసుకువెళ్లి, వివరించి, పాడించి చూపింది. ఇవి రెండూ ఏళ్ల ఓపికతో జరిగిన పనులు. ఒక ఏడాది చూసి ఫలితం లేదనేవారు వీటి జోలికి పోకపోవడమే మేలు.

కబురు పంపడం

అతిథుల ఫోటోలు వరుసగా వేసి, నాటకం పేరు అడుగున చిన్న అక్షరాల్లో రాసిన ఫ్లెక్సీ అతిథుల కోసం కట్టినదే అవుతుంది. దానికి పెట్టే డబ్బుతో ఒక పాత్రధారి ముఖం, నాటకం పేరు, రోజు, వేళ, చోటు మాత్రమే ఉన్న పోస్టర్లు అచ్చువేయించి, చీటీల్లో ఎక్కువగా కనిపించిన రెండు మూడు పేటల్లోనే అంటించాలి. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మందికి మించి పట్టరు, పైగా సంస్థ నంబరును తమ ఫోనులో భద్రపరచుకున్నవారికే సందేశం చేరుతుంది. కాబట్టి తలుపు దగ్గర చీటీ తీసుకుంటున్నప్పుడే ఆ నంబరును సేవ్ చేయించుకోవాలి.

సందేశం ఎలా ఉండాలన్నదానికి ఒక నమూనా. "మా సంస్థ సగర్వంగా సమర్పించు మహోన్నత కళాఖండం, తప్పక విచ్చేసి జయప్రదం చేయగలరు" అని రాస్తే దాన్ని పెళ్లి పిలుపుల గుంపులో కలిపేస్తారు. దానికి బదులు, "నమస్కారమండీ. పోయిన నెల మా నాటిక చూశారు. అందులో తండ్రి వేషం వేసినవారే ఈ శనివారం హరిశ్చంద్రుడు. తెర 6:30కు లేస్తుంది, 9 గంటలకు ముగుస్తుంది. మీకు రెండు సీట్లు ఉంచమంటారా?" అని రాసినప్పుడు అవతలివారు అవుననో కాదనో జవాబు ఇవ్వవలసి వస్తుంది. ముగిసే వేళ చెప్పడం మరీ ముఖ్యం, మర్నాటి పనుల గురించి ఆలోచించేవారికి అదే మొదటి ప్రశ్న. నాటకమంతా దూరంగా పెట్టిన ఒకే కెమెరాతో, గరగరలాడే శబ్దంతో తీసి యూట్యూబులో పెట్టడం కంటే, ఒక పద్యాన్ని దగ్గరి నుంచి, మంచి మైకుతో ఒక నిమిషం తీసి పంపడం ఎన్నో రెట్లు మేలు.

ఏడాది చివర కార్యవర్గం కూర్చున్నప్పుడు జమాఖర్చుల పుస్తకంతో పాటు ఈ చీటీల పట్టికను కూడా బల్ల మీద పెట్టాలి. మొదటిసారి వచ్చి మళ్లీ రానివారిలో పదిమందికి అధ్యక్షుడు, కార్యదర్శి స్వయంగా ఫోన్ చేసి, ఎందుకు రాలేకపోయారో అడిగి, సమాధానం చెప్పుకోకుండా విని, వారన్నది వారన్నట్టుగానే మినిట్స్ పుస్తకంలో రాయించాలి.