నాన్నగారి జెనిట్-ఇ వయసు తేలిన విధం

మా నాన్నగారి జెనిట్-ఇ కెమెరా ఏ సంవత్సరంలో తయారైందో తెలుసుకోవాలనుకున్నప్పుడు ముందుగా నా దృష్టి లెన్సు మీదనే పడింది. హీలియోస్ 44-2 అనే ఆ లెన్సు అద్దం చుట్టూ ఉన్న నల్లని అంచుపై చెక్కిన సీరియల్ నంబరు 78తో మొదలైంది. మాస్కో దగ్గరి క్రాస్నోగోర్స్క్ కర్మాగారంలో ఆ కాలంలో నంబరులోని మొదటి రెండు అంకెలుగా తయారీ సంవత్సరాన్నే వేసేవారు కాబట్టి, కెమెరా 1978 నాటిదని నిశ్చయించుకున్నాను. అయితే ఆ కెమెరాతోనే తీసిన మా అక్కయ్య అన్నప్రాశన ఫొటో వెనుక నాన్నగారు సిరాతో రాసిన తేదీ 1976లోనిది. నాన్నగారు తేదీల విషయంలో పొరపాటు పడే మనిషి కారు.

అప్పుడు కెమెరా బాడీ మీద వేరుగా ఉన్న నంబరును చూశాను. ఏళ్ల తరబడి పేరుకున్న జిడ్డుతో అంకెలు పూడిపోయి ఉండగా, దూదిని స్పిరిట్‌తో కొద్దిగా తడిపి, గీతల వెంట నెమ్మదిగా తుడిచాక 74 స్పష్టంగా బయటపడింది. ఎం42 అనే రకం మరచుట్లతో బాడీకి బిగించే లెన్సును తిప్పి ఊడదీసి మరొకటి బిగించడం క్షణాల పని. అందుచేత లెన్సు తరువాత మారిందని తేలింది. కెమెరా వయసుకు బాడీ నంబరునే ప్రమాణంగా తీసుకోవాలి. బాడీ 1974, లెన్సు 1978 అని చీటీ రాసి తోలు కేసులో పెట్టాను.