డబుల్ గ్లేజింగ్ మధ్యలో మసక పట్టిందా? కిటికీ మొత్తం మార్చక్కర్లేదు

ఇంగ్లండ్‌లో పాత ఇల్లు కొన్న మనవాళ్లకు మొదటి చలికాలంలోనే తగిలే తలనొప్పి ఇది. డబుల్ గ్లేజింగ్ అంటే మధ్యలో ఖాళీ ఉంచి, అంచులు సీలు చేసిన రెండు అద్దాల కిటికీ. పొద్దున్నే కర్టెన్ జరిపితే అది పాలు కలిపిన నీళ్లలా ఉంటుంది. ఎంత తుడిచినా పోదు. మా వెనక బెడ్‌రూమ్ కిటికీకి ఇలాగే అయితే, కొటేషన్‌కి వచ్చిన సేల్స్‌మన్ ఫ్రేమ్‌తో సహా మార్చాలని, లేకపోతే సర్టిఫికెట్ రాదని, ఇల్లు అమ్ముడుపోదని టెన్షన్ పెట్టాడు. చివరికి అద్దం ఒక్కటే మార్చాం.

ముందు మసక ఎక్కడుందో చూడండి. వేలితో గీత గీయండి. గది వైపు గీత పడితే అది వంటింటి ఆవిరి, ఇంట్లో ఆరేసిన బట్టల తేమ. కాసేపు కిటికీ తెరిస్తే పోతుంది. బయటి వైపు పడితే సంతోషించాల్సిందే. ఇంట్లో వేడి బయటికి పోవడం లేదు కాబట్టే బయటి అద్దం చల్లబడి తేమ పడుతోంది. రెండు వైపులా గీత పడకపోతే మాత్రం మసక మధ్యలో ఉన్నట్టు. అద్దాల అంచు చుట్టూ ఉండే స్పేసర్ బార్ లోపల తేమ పీల్చే గుళికలు ఉంటాయి. సీలు వదిలాక తడిగాలిని పీల్చి పీల్చి అవి నిండిపోతాయి. ఆపైన వచ్చే తేమంతా అద్దం మీదే. కన్నం పెట్టి ఆరబెట్టి ఇస్తామనేవాళ్లు ఉన్నారు కానీ, పోయిన సీలు తిరిగి రాదు. నేనైతే దానికి డబ్బు పెట్టను. గ్యారంటీ కాగితం ఉందేమో మాత్రం తప్పక వెతకండి.

ఇక సర్టిఫికెట్ సంగతి. ఇంగ్లండ్, వేల్స్‌లో 2002 ఏప్రిల్ 1 నుంచి కిటికీ మొత్తం మారిస్తే బిల్డింగ్ రెగ్యులేషన్స్ వర్తిస్తాయి. ఫెన్సా, సర్టాస్ లాంటి, కిటికీలు బిగించేవాళ్ల రిజిస్ట్రేషన్ స్కీముల్లో ఉన్నవాళ్లు బిగిస్తే సర్టిఫికెట్ వాళ్లే ఇప్పిస్తారు. లేదంటే కౌన్సిల్ బిల్డింగ్ కంట్రోల్‌కి దరఖాస్తు చేసుకోవాలి. పాత ఫ్రేమ్ ఉంచి అద్దాల యూనిట్ (సీలు చేసిన ఆ రెండద్దాల జత) మాత్రం మారిస్తే అది రిపేరు. దానికి ఫెన్సా సర్టిఫికెట్ ఇవ్వరు, అక్కర్లేదు కూడా. ఇల్లు అమ్మేటప్పుడు సొలిసిటర్ అడిగితే చూపించడానికి, అద్దం మాత్రమే మార్చినట్టు రాసిన బిల్లు దాచుకోండి. లీజ్‌హోల్డ్ ఫ్లాట్ అయితే కిటికీ మీదో, బిల్డింగ్ సొంతదారు అయిన ఫ్రీహోల్డర్‌దో ముందు లీజులో చూడండి. లిస్టెడ్ బిల్డింగ్ (చారిత్రక కట్టడంగా రక్షణ ఉన్న ఇల్లు) అయితే కౌన్సిల్‌ని అడక్కుండా చెయ్యి పెట్టొద్దు.

సర్టిఫికెట్ అక్కర్లేదు కదా అని మామూలు అద్దం వేయించకండి. నేల నుంచి 800 మిల్లీమీటర్ల లోపు ఉన్న కిటికీ అద్దానికి, తలుపుల్లోనూ వాటి పక్కనా 1500 లోపు ఉన్నదానికి సేఫ్టీ గ్లాస్ ఉండాలి, అంటే టఫెన్డ్ (పగిలితే చిన్న చిన్న ముక్కలయ్యేది) లేదా లామినేటెడ్ (పగిలినా మధ్య పొరకి అతుక్కుని ఉండేది). అద్దం మూలన చిన్న ముద్ర ఉంటుంది. అది లేకపోతే తీసుకోవద్దు.

కొలతలకు బీడింగ్ (అద్దాన్ని ఫ్రేమ్‌లో పట్టి ఉంచే సన్నటి పట్టీ) తీసి చూడటమే నయం. లోపలి వైపు బీడింగ్ ఉంటే మీరే చేసుకోవచ్చు. పాత కిటికీల్లో బయటి వైపు ఉంటుంది. అది మేడ మీద అయితే నిచ్చెనెక్కి సాహసం చేయకుండా అద్దాలు బిగించే గ్లేజియర్‌ని పిలవండి. మొండి పుట్టీ కత్తిని ముందు పొడుగు బీడింగ్ మధ్యలో దూర్చి మెల్లగా లేపితే టప్పుమని ఊడుతుంది. ఏది ఎక్కడిదో వెనక పెన్సిల్‌తో రాసుకోండి. యూనిట్ వెడల్పు, ఎత్తు, మందం రాయండి. మందం సాధారణంగా 28, 24 లేదా 20 మిల్లీమీటర్లు. టఫెన్డ్ అద్దాన్ని తర్వాత కోయలేరు కాబట్టి రెండుసార్లు కొలవండి. ఆర్డర్ వచ్చేదాకా పాతదాన్ని మళ్లీ పెట్టేయండి.

బిగించే రోజు మందపాటి గ్లోవ్స్, సేఫ్టీ కళ్లజోడు, ఇంకో మనిషి ఉండాలి. 4 మిల్లీమీటర్ల అద్దాలు రెండున్న యూనిట్ చదరపు మీటరుకు 20 కిలోలు తూగుతుంది. పాతది తీసే ముందు కింద, పక్కల ఉన్న ప్లాస్టిక్ ప్యాకర్లను (అద్దానికీ ఫ్రేమ్‌కీ మధ్య పెట్టే చిన్న బిళ్లలు) ఫోటో తీసుకోండి. కొత్తది పెట్టేటప్పుడు వాటిని అక్కడే ఉంచాలి. పక్కకి తెరుచుకునే రెక్కకైతే కబ్జాల వైపు కింది మూలన ఒకటి, హ్యాండిల్ వైపు పై మూలన ఒకటి తప్పనిసరి. అవి లేకపోతే రెక్క వాలిపోయి ఫ్రేమ్‌కి రాసుకుంటుంది. ఫ్రేమ్ అడుగున నీళ్లు పోయే కన్నాల్లో మట్టి తీసేయండి. చాలాసార్లు సీలు చెడేది అక్కడ నిలిచిన నీళ్ల వల్లే.

కొత్త యూనిట్‌కి వేడిని ఆపే లో-ఈ పూత ఉంటుంది. ఆ పూత ఉన్న అద్దం గది వైపు రావాలి. లేబుల్ చూసి అర్థం కాకపోతే గదిలో నిలబడి లైటర్ వెలిగించండి. నాలుగు మంటలు కనిపిస్తాయి. మీ వైపు నుంచి రెండోది వేరే రంగులో ఉంటే సరిగ్గా పెట్టినట్టే.

తిరిగి బిగించేటప్పుడు పొట్టి బీడింగులు ముందు, పొడుగువి తర్వాత. పొడుగుదాన్ని విల్లులా కొంచెం వంచి రెండు కొసలూ ముందు దూర్చి, మధ్యలో రబ్బరు సుత్తితో తట్టండి. మొరాయిస్తే రబ్బరు అంచుకి కాస్త గిన్నెలు తోమే లిక్విడ్ రాస్తే జారుతుంది. రెక్కని నాలుగుసార్లు తెరిచి మూసి చూశాక, పాత యూనిట్‌ని దుప్పటిలో చుట్టి కౌన్సిల్ రీసైక్లింగ్ సెంటర్‌లో పడేసి రండి.